తేట కన్ను: జాన్ వూల్మన్ దినచర్య

నిరాడంబర జీవనమును మెచ్చుకొననివారు లోకమున లేరు. ఆడంబరముగా జీవించువారు సైతము సభలలో దానిని గూర్చి చక్కగా ఉపన్యసింతురు. ఇట్లు అందఱును మెచ్చుకొను గుణమును గూర్చి విమర్శకుడు కొంత జాగరూకుడై యుండవలెను; ఏలయన, ఎవనికిని నష్టము కలిగింపని మాటనే అందఱును సుళువుగా ఒప్పుకొందురు. క్రైస్తవ మతమున నిరాడంబరతకు గల విలువ యేమి యను ప్రశ్నకు గూడ ఇట్టి తేలిక సమాధానములు పెక్కు కలవు. యేసు పశువుల తొట్టిలో పరుండెను, ఆయన శిష్యులు జాలరులు, కావున క్రైస్తవుడు సాదాగా బ్రతుకవలెనని ప్రసంగములలో వినుచుందుము. నిజమే కాని, యింతమాత్రమున ఏమియు తేలదు. సాదాగా బ్రతుకుట ఎవని కొఱకు? బ్రతుకువాని ఆత్మశుద్ధి కొఱకా, వాని ధనము నిలువయగుట కొఱకా, మఱియెవని కొఱకైననా? ఈ ప్రశ్నను దాటవేయక తుదముట్ట నడిపిన గ్రంథమొకటి ఇంగ్లీషు భాషలో కలదు. జాన్ వూల్మన్ అను క్వేకరు దర్జీ వ్రాసిన దినచర్య అది. దానిని గూర్చి యిచ్చట కొంత విచారింపదలచితిమి.

వూల్మన్‌కు ముందు ఈ ప్రశ్న కెట్టి సమాధానములు చెప్పబడినవో కొంచెము చూడవలసి యున్నది. ధనవంతుడు దేవుని రాజ్యమున ప్రవేశించుట ఒంటె సూది బెజ్జమున దూరుటకంటె కష్టమని సువార్తలోనున్న బోధ ధనికులగు విశ్వాసులను మొదటినుండియు కలవరపెట్టినది. క్రీస్తుశకము రెండవ శతాబ్ది చివర అలెగ్జాండ్రియా నగరమున బోధకుడుగా నుండిన క్లెమెంటు ఈ కలవరమును తీర్చుటకై ప్రత్యేకముగ నొక ప్రసంగమును వ్రాసెను. ధనము ఉపకరణమాత్రమనియు, విడువవలసినది దానిపై ఆసక్తియే గాని ధనము కాదనియు ఆయన నిర్ణయము. జనకమహారాజు కథ నెఱిగిన మనకు ఈ వాదము క్రొత్తది గాదు. ఇందు సత్యము లేకయుపోలేదు. కాని ఆసక్తి నశించినదని నిర్ణయింపవలసినవా డెవడు? ఆ ధనవంతుడే గదా! తన వ్యాజ్యమునకు తానే న్యాయాధిపతి యైనవాడు ఓడిపోవుట అరుదు. పదుమూడవ శతాబ్ది ఆదిని అస్సీసి పట్టణపు ఫ్రాన్సిసు మఱియొక మార్గమును త్రొక్కెను. బట్టల వర్తకుని కుమారుడై పుట్టి, సర్వమును త్యజించి, దారిద్ర్యమునే వధువుగా వరించెను. ఆ మహనీయుని గూర్చి తక్కువ మాట పలుకుటకు మాకు నోరు రాదు. కాని యది సన్న్యాసి త్రోవ. ఆలుబిడ్డలు గలవానికి నమస్కరింప దగినదే గాని నడువ దగినది గాదు.

గృహస్థులకు బోధించినవాడు పదునెనిమిదవ శతాబ్దివాడగు జాన్ వెస్లీ. ధనమును గూర్చి ఆయన చేసిన ప్రసిద్ధోపన్యాసమున సంపాదన, పొదుపు, దానము అను మూడు మెట్లు కలవు. తాను చెప్పినదానిని తానాచరించినవాడే. ఆక్సుఫర్డులో నుండగా ఏటికి 28 పౌనులతో ఖర్చు సరిపెట్టుకొని, ఆదాయము 30 పౌనులనుండి యేటేట పెరుగుచు 120 పౌనులైనను ఆ 28 పౌనులనే తన కుంచుకొని తక్కినది దానము చేసెను. కాని యాయన శిష్యులు మొదటి రెండు మెట్లను శ్రద్ధగా ఎక్కి మూడవదాని యొద్ద నిలిచిపోయిరి. భక్తివలన కష్టపడి పనిచేయుటయు పొదుపును అలవడును, వానివలన ధనము పెరుగును, ధనమువలన భక్తి క్షీణించును, ఇందులకు ఉపాయమేమని వెస్లీ తన ముసలితనమున, 1786లో, చింతించెను. నిరాడంబరతయే ధనమునకు పెట్టుబడి యగుచున్నదని ఆయన కన్నులార చూచెను.

క్వేకరులకును ఇదియే గతి పట్టినది. 'స్నేహితుల సమాజ'మని తమ్ము తాము పిలుచుకొను వీరు పదునేడవ శతాబ్ది నడుమ జార్జి ఫాక్సు బోధవలన ఏర్పడిన వారు. ఆ కాలమున వీరికి పురోహితులు లేకుండిరి, సంస్కారవిధులు లేకుండెను. మౌనముగా కూర్చుండి, లోపలి వెలుగు ప్రేరేపించినప్పుడు మాత్రము లేచి మాటలాడెడివారు. సాదాదుస్తులు, సాదాభాష నాడు వీరి నియమములై యుండెను. కాని వూల్మన్ కాలమునాటికి ఫిలడెల్ఫియా నగరపు క్వేకరు వర్తకులు కుబేరులైరి. నియమము మాత్రము చెడలేదు! దుస్తులకు అల్లికలు లేవు, కుచ్చులు లేవు. గుడ్డ మాత్రము మేలుజాతిది. బల్లలకు చెక్కడపు పని తక్కువ; కఱ్ఱ మాత్రము ఖరీదైనది. సాదాతనము ఒక వేషమై, ఆ వేషమునకు ఒక అంగడి యేర్పడినది. ఖద్దరులో సైతము సన్నరకమును వెదకి కట్టినవారిని చూచిన మన కిది విచిత్రముగా తోపదు.

ఇట్టి సమాజమున 1720లో న్యూజెర్సీలో ఒక వ్యవసాయకుని యింట వూల్మన్ పుట్టెను. ఇరువది యొకటవ యేట మౌంట్ హోలీ అను నూరిలో ఒక అంగడివాని యొద్ద లెక్కలు వ్రాయుటకు కుదిరెను, దర్జీపని నేర్చెను, తరువాత సొంతముగా అంగడి పెట్టెను, 1749లో సారా ఎల్లిసును వివాహమాడెను. తన 36వ యేట ఈ దినచర్యను వ్రాయ నారంభించెను. దినచర్య యను పేరే గాని యిది దినదినము వ్రాసినది గాదు. అప్పుడప్పుడు కూర్చుండి జరిగినదానిని తలపోసి వ్రాసిన ఆత్మవృత్తాంతము. 1772లో ఆయన మరణించిన పిదప, 1774లో ఫిలడెల్ఫియాలో అచ్చయినది. నాటినుండి నేటివఱకు మరల మరల అచ్చగుచునే యున్నది; 1871లో కవి విట్టియరు పీఠికతో వెలువడిన ప్రతి బహుళవ్యాప్తి నందినది.

గ్రంథములోనికి పోకముందు ఒక మాటను గూర్చి చెప్పవలసి యున్నది. మత్తయి సువార్త ఆఱవ అధ్యాయమున, భూమిమీద ధనము కూర్చుకొనవలదను బోధకును, దేవునికిని సిరికిని ఒక్కసారిగా దాసులు కాజాలరను బోధకును నడుమ, కంటిని గూర్చిన చిన్న వాక్యము కలదు. కన్ను ఎట్లుండిన దేహమంతయు వెలుగగునో అచ్చట చెప్పబడినది. గ్రీకు మూలమున ఆ కంటికి వాడిన విశేషణము 'హాప్లూస్'. మడతలు లేనిది, ఒంటిది, కల్లలేనిది అని దాని యర్థము. ఇంగ్లీషువారి పాత అనువాదమున అది 'సింగిల్' అయినది. మన తెలుగు బైబిలున దానిని 'తేట' అనిరి. ఆ యనువాదకులు తెలిసి చేసిరో తెలియక చేసిరో కాని, మూలమునకంటె నొక మెట్టు పైకెక్కిరని మా యభిప్రాయము. బిందెలోని నీరు కలకదేఱినపుడు అడుగున నున్న యిసుకరేణువు సైతము కానవచ్చును; దానిని మనము తేట యందుము. నిరాడంబరత యన్న సంస్కృత పదమున లేమి మాత్రమే తోచుచున్నది: ఆడంబరము లేదు, అంతే. తేట యన్న తెలుగు పదమున చూపు కలదు. వూల్మన్‌కు ఈ కంటి మాట మిక్కిలి ప్రియమైనది. ఆయన నిరాడంబరత యంతయు ఈ తేటచూపు కొఱకే. ఏమి చూచుటకు? తాను అనుభవించు ప్రతి వస్తువు అడుగున ఎవని చెమట, ఎవని కన్నీరు పేరుకొని యున్నదో చూచుటకు.

అంగడివాని యొద్ద పనిచేయుచుండగా ఒకనాడు యజమానుడు తన దాసియగు నల్లజాతి స్త్రీ నొకతెను అమ్మి, దానికి విక్రయపత్రము వ్రాయుమని వూల్మన్‌తో చెప్పెను. కొనువాడు వేచియున్నాడు. వాడును వృద్ధుడైన క్వేకరే. వూల్మన్ కలము పట్టి వ్రాసెను. వ్రాసిన వెంటనే, బానిసలను ఉంచుకొనుట క్రైస్తవధర్మమునకు విరుద్ధమని తన నమ్మకమని వారిద్దఱి యెదుటను చెప్పెను. తరువాత నట్టి పత్రము వ్రాయుటకు ఒప్పుకొనలేదు. మరణశాసనములు వ్రాయుట ఆయనకు కొంత ఆదాయము తెచ్చుచుండెను. బానిసలను వారసుల కిచ్చు శాసనములను వ్రాయక ఆ యాదాయమును వదలుకొనెను. ఒకసారి జబ్బుపడిన ఇరుగుపొరుగువాని శాసనమును, దాసిని గూర్చిన భాగము తప్ప, అంతయు వ్రాసి యిచ్చి, ఈ యొక్కటి నేను వ్రాయజాలనని మెల్లగా చెప్పెను. వారిద్దఱును మాటలాడుకొనిన పిమ్మట రోగి దాసిని విడుదల చేయ నొప్పుకొనెను. అప్పుడు శాసనము పూర్తియయ్యెను. ఇట్టి ఘట్టములలో కోపము లేదు, ఉపన్యాసము లేదు. కలము ఆగిపోవుట మాత్రమే కలదు.

ఇక అంగడి. మొదట కుట్టుపనికి కావలసిన చిల్లర సరుకులు, పిదప బట్టలు అమ్మసాగెను. వ్యాపారము ఏటేట పెరిగినది. పెద్ద వర్తకుడగుటకు మార్గము తెఱచియున్నది. అదియే ఆయనకు బరువైనది. జనులు కొనవలసిన దానికంటె ఎక్కువ కొనుచున్నారనియు, అప్పులపాలగుచున్నారనియు చూచి, చవుకసరుకు కొనుడని వచ్చినవారికి సలహా చెప్పెనట. ఇట్టి అంగడివానిని మనము చూచియుండము! తుదకు 1756 ప్రాంతమున వర్తకమును మానుకొని, శిష్యుడు సైతము లేకుండ తానొక్కడే దర్జీపని చేసికొనుచు, ఆపిలు మొక్కలు పెంచుకొనుచు బ్రతికెను. ఇది వెస్లీ సూత్రమునకు విరుద్ధమని చదువరులు గమనింతురు గాక. సంపాదింపగలిగినవాడు సంపాదించి దానము చేయవచ్చును గదా? వూల్మన్ ఆ త్రోవ త్రొక్కలేదు. దానమునకు పూర్వము ఆ ధనము ఎట్లు వచ్చినదను ప్రశ్న ఆయనను వదలలేదు. యాకోబు పత్రికలో, పొలము కోసిన కూలివారికి ఎగవేసిన కూలి తానే మొఱపెట్టునని చెప్పబడినది. ఆ మొఱను దానముతో నణచవచ్చునని వూల్మన్ నమ్మలేదు.

ఈ భావము నాయన 'దరిద్రుల పక్షమున విన్నపము' అను వేఱొక చిన్న గ్రంథమున విడమఱచి చెప్పెను. అది 1793లో, ఆయన పోయిన యిరువదియొక్క సంవత్సరములకు, అచ్చయినది. దానిలోని తర్కము ఇట్టిది. మనుష్యులందఱును అవసరమైనదానితో తృప్తిపడినచో, మితమైన శ్రమతో అందఱి బ్రతుకును గడచును. ఒకడు అనవసరమైనదానిని కోరినప్పుడు ఆ కోరికను తీర్చుటకు ఎవడో యొకడు, ఎచ్చటనో యొకచోట, తన శక్తికి మించి పనిచేయవలెను. భూస్వామి విలాసము పెరిగిన కొలది కౌలు పెరుగును. కౌలు పెరిగిన కొలది కౌలుదారు తన యెద్దులను, తన పిల్లలను, తన్నును అధికముగా తోలుకొనును. మన గృహోపకరణములను, మన వస్త్రములను చూచి, యుద్ధమునకు బీజములు వీనిలో నున్నవో లేవో పరీక్షించుకొనుడని కూడ ఆయన కోరెను. అర్థశాస్త్రజ్ఞులు ఇందులకు నవ్వవచ్చును. విలాసవస్తువు వలన పనివానికి పని దొరకుచున్నదని వారందురు. వూల్మన్ ఈ యాక్షేపమును ఎఱుగనివాడు కాడు. పని దొరకుట వేఱు, పని క్రింద నలిగిపోవుట వేఱు అని చూచినవాడు.

ఈశావాస్యోపనిషత్తు మొదటి మంత్రమున త్యాగముతో అనుభవింపుమనియు, ధనము ఎవనిదని అడుగుచు ఆశపడవలదనియు చెప్పబడినది. ఆ 'ఎవనిది' యను ప్రశ్నకు మన భాష్యకారులు పెక్కు విధముల అర్థము చెప్పిరి. పతంజలి యోగసూత్రములలో అపరిగ్రహము యమములలో నొకటి. కాని మన సంప్రదాయమున అపరిగ్రహము ఎక్కువగా సాధకుని చిత్తశుద్ధికి సాధనముగా చెప్పబడినది. వూల్మన్ చేతిలో ఆ 'ఎవనిది' యన్న ప్రశ్న అక్షరార్థమును పొందినది: ఈ పంచదార ఎవనిది? ఈ వెండి ఎవనిది? వెస్టిండీసు దీవులలో బానిసలు పండించిన పంచదారను ఆయన తినుట మానెను. 1769లో బార్బడోసు దీవికి పోవలెనని తోచినపుడు, సరుకుల వ్యాపారము వలననే ఓడ ప్రయాణపు వెల తగ్గుచున్నదనియు, ఆ వ్యాపారము బానిసల శ్రమమీద నడచుచున్నదనియు తలచి, మామూలు వెలకంటె ఎక్కువ యిచ్చుట న్యాయమని భావించెను. తానును ఒకప్పుడు తన యంగడిలో ఆ పంచదారను, రమ్మును, చెఱకు మడ్డిని అమ్మితినని అచ్చటనే వ్రాసికొనెను. 1757లో దక్షిణపు వలసలలో సంచరించినపుడు బానిసలు గల క్వేకరుల యిండ్లలో బస చేయవలసి వచ్చినది. ఉచితముగా భోజనము పెట్టుచున్నది గృహస్థుడా, బానిసయా? బయలుదేరునపుడు వెండినాణెములు తీసి, సేవ చేసిన నల్లవారికిమ్మని యజమానుని చేతిలో పెట్టెను. కొన్నిచోట్ల తానే వారికిచ్చెను. ఆతిథ్యమునకు వెలకట్టుట మన దేశమున ఎంత యవమానమో ఆ దేశమునను అంతే. ఈ పని తనకెంత కష్టముగ నుండెనో వూల్మన్ దాచలేదు.

ఆయన దుస్తులను గూర్చి లోకము ఎక్కువగా చెప్పుకొనును. 1761 ప్రాంతమున రంగు వేసిన బట్టలు తొడుగుట తగదని ఆయనకు తోచినది. రంగు బట్టను పాడుచేయును, మురికిని దాచును. రంగునకై పెట్టు ఖర్చును శుభ్రతకై పెట్టినచో లోకము నిజముగా శుభ్రపడునని తరువాత ఇంగ్లండులో రంగువారు నివసించు వీథులలో నడచుచు వ్రాసెను. మురికి కలిగినప్పుడు దానిని కడుగుకొనవలెను గాని కనబడకుండ చేయగూడదని ఆయన భావము. అంగడినుండి అర్థశాస్త్రము వఱకు ఆయన చెప్పినదంతయు ఈ యొక్క గుడ్డముక్కలో ఇమిడియున్నది. ఉన్న రంగుబట్టలను పాఱవేయలేదు. అవి చిఱుగువఱకు తొడిగి, పిదప క్రొత్తవి రంగు లేనివి కుట్టుకొనెను. ఇంతలో నొక వింత జరిగినది. సహజవర్ణపు బొచ్చుతో చేసిన టోపీని ఆయన ధరించునప్పటికి తెల్లటోపీ నాగరకులలో క్రొత్త వేడుకయై యున్నది! వూల్మన్ వేడుకలవెంట పరుగెత్తుచున్నాడని కొందఱు మిత్రులు ఆయనకు దూరముగ మసలిరి. ఆ వింతను ఆయన హాస్యమాడక, కోపపడక, తన స్వభావానుసారముగ వ్రాసికొనెను. నిరాడంబరతకు చిహ్నమేర్పఱచుట యెంత కష్టమో చెప్పుటకు ఇంతకంటె మంచి దృష్టాంతము మాకు దొరకలేదు. ఏ చిహ్నమునైనను వేడుక యపహరింపగలదు. కారణమును మాత్రము అపహరింపజాలదు.

1770లో పార్శ్వపు నొప్పితో మరణమునకు దగ్గఱయై యున్నప్పుడు కన్న దర్శన మీ గ్రంథమునకు హృదయము. తన పేరు తానే మఱచెను. మసకగా నున్న ఒక పెద్దరాశి కనబడెను. అది దుఃఖమున మునిగిన మనుష్యుల రాశి యనియు, తానును అందులో కలిసిపోతిననియు, ఇక తన్ను వేఱుగా నెంచుకొనరాదనియు తెలిసెను. పిదప జాన్ వూల్మన్ చనిపోయెనను పలుకు వినబడెను. తరువాత గనులలో క్రైస్తవులనువారి కొఱకు నిధులు త్రవ్వుచున్న దీనులు కనబడిరి. ఆ దీనులు క్రీస్తును నిందించుచుండిరి. తమ్ము హింసించువారు క్రీస్తు శిష్యులని విన్నందున, అట్టి గురువు క్రూరుడై యుండవలెనని వారి తలంపు. ఇందులో అద్వైతమును చూడవలెనని సంస్కృతము చదివినవారికి తోచును. మేమంత త్వరపడము. ఇచ్చటి యేకత్వము ఆనందమున గాదు, దుఃఖమున. ఆ దర్శనము తరువాత వెండిపాత్రలతో త్రాగుటకు ఆయన మనసొప్పలేదు. ఒకరింట వెండిగిన్నెలో పానీయము తెచ్చినపుడు కన్నీటితో కారణము చెప్పి వేఱు పాత్ర కోరెను.

1772లో ఇంగ్లండునకు బయలుదేరెను. ఓడలో గదికి వెలుపల చెక్కిన బొమ్మలను, లోపలి అలంకరణములను చూచి, ఆ ఖర్చు గది వెలలో చేరియుండునని తలచి, నావికులు పండుకొను అడుగు తావున ప్రయాణము చేసెను. అచ్చట తడిబట్టలతో పండుకొను పడుచువాండ్రను, వారు నేర్చుకొనుచున్న దుర్భాషలను చూచెను. గదిలో నున్నచో చూడకయే యుండెడివాడు. లండనులో ఆయన వేషమును చూచి కొందఱు మిత్రులు తిరిగిపొమ్మని సూచించిరనియు, ఆయన కన్నీరు కార్చి, తన వృత్తి చేసికొని బ్రతికెదను గాని మీకు భారము కాననెననియు పరంపరగా చెప్పుదురు. ఇంగ్లండులో బండ్లనెక్కక కాలినడకనే ఉత్తరమునకు పోయెను. ఇరువదినాలుగు గంటలలో నూఱుమైళ్లు పరుగెత్తు ప్రయాణికుల బండ్లవలన గుఱ్ఱములు చచ్చుచున్నవని, తపాలా మోయు పిల్లలు చలికి బిగుసుకొని పోవుచున్నారని విని, ఆ తపాలాలో ఉత్తరములు సైతము పంపవలదని మిత్రులను కోరెను. ఈ భాగమున, ప్రార్థనల నడుమ, ఒక ధరల పట్టిక కనబడును: రై ధాన్యము బుషెలు 5 షిల్లింగులు, గోధుమలు 8 షిల్లింగులు, వెన్న పౌను 8 మొదలు 10 పెన్నీలు; నూలు వడకు స్త్రీకి దినకూలి 4 మొదలు 10 పెన్నీలు, తిండియు బసయు ఆమెయే చూచుకొనవలెను. భక్తిగ్రంథమున ఈ పట్టిక యేల యని అడుగువారు ఈ భక్తిని గ్రహింపలేదని మా నమ్మకము. ఆయన ప్రార్థన ఆ పట్టికలోనే కలదు.

ఈ గ్రంథపు శైలిని పండితులు మిక్కిలి మెచ్చిరి. ఛార్లెసు లాంబు, క్వేకరుల మౌనసభను గూర్చి వ్రాసిన వ్యాసమున, వూల్మన్ రచనలను కంఠస్థము చేయుడని పాఠకులకు చెప్పెను. ఆయన మిత్రుడు క్రాబ్ రాబిన్సను ఆ సలహాను పాటించి చదివి, చదువురాని దర్జీ యింత స్వచ్ఛముగ వ్రాసెనే యని ఆశ్చర్యపడెను. ఈ యాశ్చర్యము మాకు రుచింపలేదు. వూల్మన్ చదువురానివాడు కాడు. ఊరి పిల్లలకు బడి చెప్పెను. వారికై వాచకమొకటి అచ్చువేయించెను. మా వృత్తివారి పక్షమున ఈ మాట చెప్పుట మా విధి! వ్రాతప్రతులను దిద్ది తిరుగవ్రాసిన జాడలు కలవు. సరళత పొరబాటున పుట్టదు, కొట్టివేతవలన పుట్టును. దోషము చేసినవారి పేర్లను ఆయన తఱచుగా చెప్పడు. 'ఒక మిత్రుడు' అనును. తన్ను గూర్చి చెప్పునపుడును, నేనిట్లు చేసితినని గాక, ఇట్టి భారము నాపై పడెనని చెప్పును. 1763లో సస్క్వెహన్నా యేటి యొడ్డున వయాలూసింగ్ అను గ్రామమున ఇండియనుల నడుమ ప్రార్థించుచు, దుబాసీల తొట్రుపాటు చూచి, వారిని మానుకొండని తన భాషలోనే ప్రార్థన ముగించెను. వారి నాయకుడు పాపునెహాంగ్ ఆ మాటలెఱుగడు. అయినను మాటలు పుట్టుచోటు తనకు తెలిసినదని, అదియే తనకు ప్రియమని, పిదప నొకనితో చెప్పెను. వూల్మన్ వచనమును గూర్చి లాంబు చెప్పినదానికంటె ఈ యడవిమనిషి చెప్పినదే మాకు మేలైన విమర్శగా తోచుచున్నది. లాంబు వంటివారి మెప్పులో నొక ప్రమాదము కలదు. మధురమైన వచనమని, పుణ్యాత్ముని చిత్రమని చదివి పుస్తకమును మూసివేయవచ్చును. పంచదార మాత్రము టీలో పడుచునే యుండును.

లోపము లేవా? కలవు. పెద్దలోప మొకటి చెప్పుదుము. ఇతరుల శ్రమ నింత సూక్ష్మముగ లెక్కించినవాడు తన యింటి శ్రమను లెక్కింపలేదు. భార్య సారాయు, కుమార్తె మేరియు ఈ గ్రంథమున అరుదుగా కనబడుదురు. ఆయన నెలలకొలది దేశసంచారము చేయుచుండగా ఆపిలు చెట్లకు నీరెవరు పోసిరి, పొయ్యి యెవరు రాజేసిరి, అంగడి మానుటవలన ఎవరికేమి కొఱత కలిగెను? దినచర్య పలుకదు. ఆయన కొలబద్దతోనే ఆయనను కొలిచినచో ఈ లెక్క అసంపూర్ణము. భక్తుల చరిత్రలలో ఇల్లాండ్రకు చోటు దొరకకుండుట మన దేశమున గూడ వింత కాదు. అయినను వూల్మన్ యందు అది ఎక్కువగ నొచ్చును.

ఒక్కడు పంచదార మానినంత మాత్రమున ఏమి జరిగినదని అడుగువారును కలరు. 1758లో ఫిలడెల్ఫియా వార్షికసభ వూల్మన్ మాటలు విన్న పిమ్మట, బానిసలు గల క్వేకరుల యిండ్లకు పోయి నచ్చచెప్పుటకు కొందఱిని నియమించెను. వారిలో ఆయనయు నొకడు. ఆ సభయే 1776లో బానిసలను విడువని సభ్యులను వెలివేయ నిశ్చయించెను. 1791లో ఇంగ్లండున వేలకొలది కుటుంబములు వెస్టిండీసు పంచదారను మానెను. ఇవన్నియు ఒక్క వూల్మన్ చేసినవని మేమనము. ఆంథొనీ బెనెజె వంటివారెందఱో పనిచేసిరి. ఆయన తనకుతాను అట్టి లెక్క వేసికొనిన జాడ గ్రంథమున లేదు.

ఇంగ్లండునకు చేరిన నాలుగు నెలలలోనే యార్కు నగరమున మశూచికము సోకి, 1772 అక్టోబరు 7వ తేదీన ఆయన మరణించెను. తన శవమును చవుకయగు ఉన్నిగుడ్డలో చుట్టవలెననియు, సాదా పెట్టె చాలుననియు, ఆ ఖర్చునకును సమాధి త్రవ్వినవాని కూలికిని తన బట్టలను ఇచ్చివేయవలెననియు పడకమీద నుండి చెప్పి వ్రాయించెను.